లెక్క చూపించమనడం ఎగవేత కాదు

రాత్రి ఎనిమిదిన్నర. విజయవాడ పటమటలో మా సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర చొక్కాల కోసం నిలబడి ఉన్నాను. బండి ఆయన ఫోన్ మోగింది. కుడిచేత్తో ఇస్త్రీ పెట్టె తోస్తూనే ఎడమచేత్తో స్పీకర్ నొక్కాడు. "అన్నా, పదకొండు వేల నాలుగొందలు. రేపు పదింటిలోపు పడకపోతే బండి ఎత్తేస్తాం, తర్వాత నన్ను అనుకోవద్దు" అంది అవతలి గొంతు. ఎత్తేస్తామంటున్నది ఇస్త్రీ బండిని కాదు, బట్టలు తెచ్చి ఇవ్వడానికి ఫైనాన్సులో కొన్న స్కూటర్ని. ఈయన "అట్లాగే తమ్ముడూ, ఏదో ఒకటి చూస్తాలే" అని పెట్టేశాడు. రెండు వాయిదాలకు అంత ఎట్లా అయిందని అడిగాను. చొక్కా కాలరు సరిచేస్తూ ఆయన అన్నమాట: "ఏమో సార్. వాళ్లు చెప్పిందే లెక్క."

వాయిదా నెలకు 3,150 రూపాయలు. తప్పింది రెండు. అంటే 6,300. పైన ఉన్న 5,100 ఎక్కడి నుంచి వచ్చాయో ఆయనకు తెలియదు. ఫోన్ చేసిన కుర్రాడికి తెలుసనీ నేననుకోను. అతనికి పొద్దున్నే ఒక జాబితా వస్తుంది, అందులో పేరు ఎదురుగా ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలో అసలెంత, వడ్డీ ఎంత, మిగతాది ఏమిటి అన్న విడమరుపు ఉండదు.

కట్టను అనడం ఒక తగాదా. ఎంత కట్టాలో విడమరిచి చెప్పమనడం ఇంకో తగాదా. మన దగ్గర ఈ రెండూ ఒకటే అయిపోయాయి. లెక్క అడిగినవాణ్ణి ఎగ్గొట్టేవాడి కింద జమకట్టడం వసూలుదారుకు లాభం. అందుకే అతను అలా జమకడతాడు. మనమూ నిజమేనేమో అని తల దించుకుంటున్నాం, చిక్కంతా అక్కడుంది.

మన జిల్లాల వాళ్లకు లెక్క అడగడం రాదని కాదు. గుంటూరు మిర్చి యార్డులో నలభై టిక్కీలు దించిన రైతు కమీషన్ దుకాణంలో పట్టీ చేతికి రాగానే ఏం చేస్తాడో చూడండి. తూకం చూస్తాడు, ధర చూస్తాడు, కమీషన్ చూస్తాడు, హమాలీ చూస్తాడు. విత్తనాలకూ పురుగుమందులకూ ముందు తీసుకున్న అడ్వాన్సు ఎంత పట్టుకున్నారో, దానికి ఎన్ని నెలల వడ్డీ వేశారో వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. రెండు కిలోలు తేడా వస్తే గుమస్తాని నిలబెట్టి అడుగుతాడు. అడిగినందుకు అతన్ని ఎవరూ మోసగాడనరు. అదే రైతుకు ట్రాక్టర్ ఫైనాన్సు నుంచి ఫోన్ వస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది. పట్టీ దగ్గర అతను అమ్మకందారు. ఫోన్లో బాకీదారు. ఇంటి ముందు నలుగురూ చూస్తుండగా బండి ఎత్తుకుపోతే పోయే పరువు ముందు మూడు వేలో నాలుగు వేలో తేడా అతనికి చిన్నదిగా కనిపిస్తుంది. వసూలు వ్యాపారం నడిచేది ఆ భయం మీదే. అప్పు మీద వచ్చే వడ్డీ కంపెనీకి పోతుంది. పరువు మీద వేసే వడ్డీ ఎవరికి పోతుందో ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనపడదు.

ఎక్కడ వాదించాలి, ఎక్కడ వాదించకూడదు

లెక్కలో దిగేముందు ఒక మాట చెప్పుకోవాలి. చాలామంది తప్పు చోట వాదిస్తారు. "వడ్డీ ఇంత ఎక్కువేంటి" అని మొదలుపెడతారు. సంతకం పెట్టిన కాగితంలో ఉన్న వడ్డీ రేటు మీద గెలవడం కష్టం. బ్యాంకు వేసిన వడ్డీ మరీ ఎక్కువగా ఉందన్న కారణంతో కోర్టులు ఆ అప్పును తిరగదోడటానికి వీల్లేదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 21ఎ సెక్షనే చెబుతోంది. ప్రైవేటు వడ్డీ వ్యాపారి మీదైతే 1918 నాటి యూజురియస్ లోన్స్ చట్టం కింద వడ్డీ అన్యాయమని కోర్టును అడగొచ్చు. బ్యాంకు మీద ఆ దారి మూసేశారు. రాష్ట్ర ప్రభుత్వమైనా అడ్డుకుంటుందా అంటే అదీ అంతంత మాత్రమే. మైక్రోఫైనాన్స్ వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటున్నారని 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. కానీ ఆర్‌బీఐ దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో కేరళ, గుజరాత్ చట్టాలకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అందుకని వడ్డీ రేటు మీద నోరు పారేసుకోవడం దండగ. బాకీ ఉబ్బేది చార్జీల దగ్గర, మనకు రక్షణ ఉన్నదీ అక్కడే.

వాయిదా తప్పితే వేసే అదనపు సొమ్మునే తీసుకోండి. ఇదివరకు దీన్ని పీనల్ వడ్డీ అనేవాళ్లు. అసలు వడ్డీ రేటుకు మరో రెండు మూడు శాతం తగిలించి, అదీ బాకీలో కలిపి, ఆ మొత్తం మీద మళ్లీ వడ్డీ కట్టేవాళ్లు. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ దీనికి అడ్డుకట్ట వేసింది. కొత్త అప్పులకు 2024 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే నడుస్తున్నవాటికి ఆ ఏడాది జూన్ 30లోపు అమలు చేయమంది. ఇప్పుడు పీనల్ వడ్డీ అన్నది లేదు. పీనల్ చార్జీ ఉండొచ్చు, కానీ అది జరిగిన తప్పుకు తగినంతగా ఉండాలి. దాని మీద వడ్డీ కట్టకూడదు. సొంత అవసరాలకు అప్పు తీసుకున్న మనిషికి వేసే చార్జీ, అలాంటి తప్పుకే ఒక కంపెనీకి వేసేదాన్ని మించకూడదు. బాకీపడ్డ రోజులకు మామూలు వడ్డీ నడుస్తుంది, దాన్నెవరూ ఆపలేదు. ఆగింది వడ్డీ మీద జరిమానా, ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ అనే గొలుసు.

దీని తోక ఒకటుంది. ఈ పీనల్ చార్జీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలపడం చాలా చోట్ల అలవాటు. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి సిఫారసు చేశాక, బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ వసూలు చేసే పీనల్ చార్జీలకు జీఎస్టీ పడదని 2025 జనవరి 28న కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. మీ స్టేట్‌మెంట్‌లో పీనల్ చార్జీ పక్కన జీఎస్టీ వరుస ఉంటే ముందు దాని కింద పెన్నుతో గీత గీయండి.

2024 అక్టోబరు 1 తర్వాత మంజూరైన రిటైల్ అప్పులకు, అంటే మామూలు మనుషులు తీసుకునేవాటికి, ఇంకో ఆయుధం ఉంది. సంతకాల రోజున ఇచ్చే కాగితాల కట్టలో 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అని ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో, ఏ తప్పుకు ఏ చార్జీయో అందులో రాసి ఉండాలి, అదీ అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో. అందులో లేని చార్జీని తర్వాత ఏ దశలోనూ, మనం స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప, వేయడానికి వీల్లేదు. వసూలుదారు నోట వినిపించే 'విజిట్ చార్జీ', 'ఫాలోఅప్ చార్జీ', 'లీగల్ చార్జీ' ఇలాంటి మాటలన్నిటికీ ఒకటే ప్రశ్న: ఆ కాగితంలో ఎక్కడుంది?

క్రెడిట్ కార్డులది వేరే దారి. పై పీనల్ చార్జీల ఆదేశం వాటికి వర్తించదు. వాటికి 2022 నుంచి విడిగా నిబంధనలున్నాయి: గడువు దాటిన మూడు రోజుల వరకు లేటు ఫీజు వేయకూడదు, వేసినప్పుడూ కట్టకుండా మిగిలిన సొమ్ము మీదే వేయాలి, కట్టని ఫీజులూ పన్నుల మీద వడ్డీ లాగకూడదు.

మూడు పేజీల కాగితం

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని ఫైనాన్సు కంపెనీ బ్రాంచికి వెళ్లాను. ఇలాంటి చోట నోటితో ఏదీ అడగకూడదు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాం. లోన్ నంబరు, ఇవాళ్టికి నేను కట్టాల్సింది ఎంత, అందులో వాయిదాలెంత, పీనల్ ఎంత, బౌన్స్ చార్జీలెంత, ఇతరత్రా ఏమైనా ఉంటే దేనికి, ఖాతా స్టేట్‌మెంట్ ఇప్పించండి అని. కౌంటర్లో అమ్మాయి "యాప్‌లో ఉంటుందండీ" అంది. యాప్ ఇంగ్లిష్‌లో ఉంది. ఈయనకు అంకెలు తప్ప చదవడం రాదు. "అచ్చు వేసి ఇవ్వండమ్మా, స్టాంపు కూడా వేయండి" అన్నాం. గంటన్నర కూర్చోబెట్టి ఇచ్చారు. మా అర్జీ నకలు మీద 'అందింది' అని సంతకం కూడా చేశారు. ఆ సంతకం విలువ తర్వాత చెబుతాను.

ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఆ మూడు పేజీలు పరిచాం. కట్టాల్సిన వాయిదాలు 6,300. పీనల్ చార్జీ 189. బౌన్స్ చార్జీలు 1,500. మొత్తం 7,989. ఫోన్లో అడిగింది 11,400. తేడా 3,411 రూపాయలు. ఈ 3,411 కంపెనీ పుస్తకంలో ఎక్కడా లేవు! అంటే కంపెనీ కూడా అడగని సొమ్మును దాని పేరు చెప్పి ఇంకెవరో అడుగుతున్నారు. పైగా ఆ కుర్రాడు డబ్బు పంపమన్నది తన సొంత ఫోన్ నంబరుకు.

అప్పటిదాకా మౌనంగా ఉన్న మనిషి రెండో పేజీ మీద వేలు పెట్టాడు. "ఇదేంటి సార్, తప్పింది రెండు వాయిదాలైతే బౌన్సులు మూడున్నాయి?" నేను చూడలేదు, ఆయన చూశాడు. ఐదో తారీకున ఖాతాలో డబ్బు లేక ఒక వాయిదా తిరిగిపోయింది. అదే వాయిదాను మళ్లీ పన్నెండున ఖాతాకు పంపారు, మళ్లీ తిరిగింది. ఒక్క వాయిదాకే రెండుసార్లు ఐదేసి వందలు. ఇది ఒప్పంద కాగితంలో ఉన్న చార్జీయే. కానీ ఎన్నిసార్లు పంపుతారు, పంపిన ప్రతిసారీ వేస్తారా అన్నది అందులో లేదు. వారానికోసారి వందల కొద్దీ బట్టలు లెక్కపెట్టి తీసుకుని, లెక్కపెట్టి తిరిగిచ్చే మనిషి ఆయన. కాగితం చేతికొస్తే లెక్క ఆయనకే తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన 7,489 రూపాయలు కంపెనీ ఖాతాకే కట్టాడు. గొడవ ఉన్న ఐదొందలు పక్కన పెట్టి, ఈ సొమ్ము ఏ వాయిదాలకు, ఏ చార్జీలకు జమ చేయాలో రాయించి ఇచ్చాడు. తగాదా ఉంది కదా అని మొత్తం ఆపేయడం పెద్ద పొరపాటు. ఆపితే పీనల్ నడుస్తుంది, తొంభై రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లోకి పోతుంది, క్రెడిట్ రిపోర్టు పాడవుతుంది. ఒప్పుకున్నది కట్టేసి, ఒప్పుకోనిదాని మీద పోరాడితే ఎగవేతదారు అన్న ముద్ర వేయడానికి ఎదుటివాడికి సందు దొరకదు. ఒకరి దగ్గరే రెండు మూడు అప్పులున్నవాళ్లకు ఇది మరీ అవసరం. ఏ బాకీకి కడుతున్నామో కట్టేటప్పుడే చెబితే, తీసుకున్నవాడు దానికే జమకట్టాలని కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఏ బాకీకి జమ అన్నది అతనిష్టం.

ఫోన్ చేసే కుర్రాడికి ఉన్న హద్దులు

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. డిగ్రీ చదివి, బైకూ ఫోనూ తనవే పెట్టుకుని, రాబట్టిన దాని మీద వచ్చే కమీషన్‌తో బతుకుతున్నాడు. అతన్ని అలా పెట్టినవాళ్లకు మాత్రం నియమాలున్నాయి. రికవరీ ఏజెంట్ల మీద ఆర్‌బీఐ 2008 ఏప్రిల్లోనే బ్యాంకులకు విడిగా ఆదేశాలిచ్చింది. బాకీని ఏ ఏజెన్సీకి అప్పగించారో బాకీదారుకు తెలియజేయాలి. వచ్చిన మనిషి దగ్గర బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు ఉండాలి. 2022 ఆగస్టు 12న ఫైనాన్స్ కంపెనీలకు కూడా వర్తించేలా ఇంకోసారి గట్టిగా చెప్పింది: ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక వసూలు ఫోన్లు చేయకూడదు. బెదిరింపులు, బంధువుల దగ్గర పరువు తీయడం, తప్పుడు మాటలు చెప్పి భయపెట్టడం నిషిద్ధం. ఏజెంటు చేసిన తప్పుకు జవాబుదారు కంపెనీయే. ఇస్త్రీ బండి దగ్గర నేను విన్న ఫోన్ ఎనిమిదిన్నరకు వచ్చింది. అంటే అడిగిన అంకె సంగతి ఎలా ఉన్నా, అడిగిన వేళే తప్పు.

2008 ఆదేశాల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని వాక్యం ఒకటుంది. బాకీదారు ఫిర్యాదు ఇచ్చి ఉంటే, అది తేలేదాకా బ్యాంకు ఆ కేసును రికవరీ ఏజెన్సీకి పంపకూడదు. కావాలని పదేపదే ఉత్తుత్తి ఫిర్యాదులు చేస్తున్నాడని ఆధారాలతో తేలితే తప్ప. 'అందింది' అన్న సంతకానికి విలువ ఇక్కడుంది. ఫోన్లో వంద మాటలు అనుకున్నా రికార్డులో ఏమీ ఉండదు. ఒక్క అర్జీ ఉంటే ఆ తర్వాత వచ్చే ప్రతి ఫోన్ వాళ్ల మీదే సాక్ష్యం అవుతుంది.

బండి ఎత్తుకుపోవడం గురించి కూడా. ఫైనాన్స్ కంపెనీల ఒప్పందంలో స్వాధీనం చేసుకునే షరతు ఉండొచ్చు, కానీ ముందు ఇచ్చే నోటీసు గడువు, పద్ధతి, అమ్మేముందు కట్టుకోవడానికి ఇచ్చే చివరి అవకాశం అందులో రాసి ఉండాలి. రోడ్డు మీద అడ్డగించి తాళం లాక్కోవడం ఏ షరతులోనూ ఉండదు. దాదాగిరీతో వసూలు చేయించడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే ఒక బ్యాంకు కేసులో తప్పుపట్టింది. అయినా ఆటోనగర్ వైపు వెళ్తే 'సీజింగ్' అన్న మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది, అదేదో మామూలు పనిలా.

కంపెనీకి ఫిర్యాదు ఇచ్చి ముప్పై రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 14448కి ఫోన్ చేసి దారి కనుక్కోవచ్చు, గడువు దాటకుండా వేయాలి. ఇళ్ల అప్పులిచ్చే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి. ఇది తెలియక చాలామంది తిరస్కరణ కాగితం చేతపట్టుకుని తిరుగుతుంటారు. వినియోగదారుల కమిషన్లు విజయవాడలోనూ గుంటూరులోనూ ఉన్నాయి. 2019 చట్టం వచ్చాక కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు, విలువ 5 లక్షల వరకైతే ఫీజు లేదు. 'ఇది వ్యాపారానికి తీసుకున్న అప్పు, మీరు వినియోగదారు కారు' అని కంపెనీ లాయర్లు ఒక పాత పాట పాడతారు. తన పొట్టపోసుకోవడానికి సొంతంగా చేసుకునే పనికి తీసుకున్నదైతే అతనూ వినియోగదారే అని ఆ చట్టంలోనే ఉంది. తన ఆటో తానే నడుపుకునే డ్రైవరు, ఇస్త్రీ బండి ఆయన అందులోకే వస్తారు. జరిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించే షరతును అదే చట్టం అన్యాయపు ఒప్పందం అంటుంది. దాని మీద మాత్రం జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఐదొందల బౌన్స్ చార్జీ కోసం ఎవరు వెళ్తారంటే, ఎవరూ వెళ్లరు. అది తెలిసే అది ఐదొందలుగా ఉంటుందని నా అనుమానం.

నోటు వెనక చెల్లు

ఇంతవరకు చెప్పుకున్నది కాగితం పుట్టించే కంపెనీల సంగతి. బెజవాడకు వడ్డీ వ్యాపారం అనగానే గుర్తొచ్చేది ఇంకొకటి. 2015 డిసెంబరులో కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు ఈ ఊరి పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. అప్పు తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించారన్న ఆరోపణలొచ్చాయి, శాసనసభ అట్టుడికింది, ఒక ఎమ్మెల్యే ఏడాది పాటు సస్పెండయ్యారు. రాజకీయాల దుమ్ము అణిగాక చూస్తే ఆ దందా నడిచిన తీరు కొత్తదేమీ కాదు. ఎప్పుడడిగితే అప్పుడు కట్టాలి, వడ్డీ ముందే పట్టుకుంటారు, ఖాళీ ప్రోనోట్ల (అప్పు పత్రాల) మీద ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టించుకుంటారు. లక్ష అని నోటు రాసి చేతిలో తొంభై వేలు పెడితే, బాకీ మొదటి రోజునుంచే ఎక్కువ.

ఈ లోకంలో స్టేట్‌మెంట్ ఇచ్చే కౌంటరు ఉండదు. నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు, రోజు వడ్డీ, వారం వడ్డీ, బారు వడ్డీ, చక్రవడ్డీ అన్నీ నోటి మాటే. కానీ పాతకాలం వాళ్లకు ఒక మంచి అలవాటుండేది. ప్రోనోటు మీద కొంత కడితే అప్పిచ్చినాయన ఇంట్లోంచి నోటు తెచ్చి వెనక్కి తిప్పి, తారీకు వేసి, ఇంత ముట్టిందని చెల్లు రాసేవాడు. కట్టినాయన దాని కింద సంతకం చేసేవాడు. గుంటూరు కోర్టుల్లో డబ్బు దావాల్లో సగం గొడవ ఆ నాలుగు వరుసల చుట్టూనే తిరుగుతుంది. ఇప్పుడు ఫోన్‌పేలో కొట్టి 'పంపాను అన్నా' అని వాట్సాప్‌లో పెడుతున్నారు. డబ్బు వెళ్లినట్టు రుజువుంటుంది, సరే. దేనికి వెళ్లిందో ఉండదు. 'అది వేరే చేబదులు' అంటే ఏం చెబుతారు? డబ్బు పంపేటప్పుడు ఆ చిన్న గడిలో 'ఫలానా తారీకు నోటు అసలు కింద' అని నాలుగు ముక్కలు రాయడానికి పది సెకన్లు పట్టదు.

చెల్లుకు రెండువైపులా పదునుంది. బాకీ తగ్గినట్టు అది మీ చేతిలో సాక్ష్యం, నిజమే. కానీ నోటుకు కాలదోషం, అంటే దావా వేసే గడువు, మూడేళ్లు. ఆ మూడేళ్ల లోపల మీ సంతకంతో చెల్లు పడితే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. బాకీ ఉందని రాసిచ్చినా అంతే. అందుకే పాత నోటుకు గడువు దగ్గరపడుతుంటే 'ఒక వెయ్యి కట్టి చెల్లు వేయించుకో బావా' అని ప్రేమగా అడుగుతారు. నిజంగా కట్టాల్సిన బాకీ అయితే వేయించుకోవడంలో తప్పులేదు. ఎందుకు అడుగుతున్నారో తెలిసి వేయించుకోండి.

ఖాళీ చెక్కు దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు. రెండు లక్షలకు చెక్కిచ్చి, లక్షన్నర తీర్చేశాక కూడా ఎదుటివాడు రెండు లక్షలకే చెక్కు వేసి బౌన్సు చేయించి, చెక్కు బౌన్సును నేరంగా చూసే 138 సెక్షన్ కింద కేసు పెడతాడు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరితే ఆ సంగతి చెక్కు మీద రాయించాలి. అలా రాయకుండా పూర్తి సొమ్ముకు వేసిన చెక్కు తిరిగొస్తే, ఆ రోజుకున్న నిజమైన బాకీ అది కాదు కాబట్టి 138 కింద నేరం కాదు. అంటే ఉన్నదానికంటే ఎక్కువ అడిగినవాడు కేసే పోగొట్టుకుంటాడు. అయితే లక్షన్నర కట్టినట్టు రుజువు మీ దగ్గర ఉండాలి. నోటీసు వస్తే పదిహేను రోజుల్లోపు లాయరుతో జవాబు ఇప్పించాలి. మనవాళ్లు చాలామంది నోటీసు తీసుకోకుండా తిప్పి పంపి తెలివైన పని చేశామనుకుంటారు. ఇక్కడ ఓడిపోయేది ఆ తెలివి వల్లే.

గ్రూపు లోన్లలో 'ఎక్కువ అడగడం' ఇంకో రూపంలో వస్తుంది. పక్కింటావిడ కట్టకపోతే ఆమె కిస్తీ కూడా గ్రూపంతా కట్టాలంటూ సాయంత్రం దాకా కూర్చోబెడతారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ నిబంధనల్లో, వాయిదా ఆలస్యమైతే జరిమానా బాకీపడ్డ వాయిదా మీదే తప్ప మొత్తం అప్పు మీద వేయకూడదని ఉంది. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదని ఉంది. అప్పు కార్డు అర్థమయ్యే భాషలో ఉండాలనీ, కట్టిన ప్రతి కిస్తీ అందులో పడాలనీ ఉంది. ఆ కార్డు సెంటర్ లీడర్ ఇంట్లో కాకుండా మన ఇంట్లో ఉంటే సగం గొడవలు పుట్టవు.

మన ఊళ్ల పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి వాళ్లనడిగినా తెలుస్తుంది. అక్కడ 1977 నుంచి బాకీలు వసూలు చేసేవాళ్ల మీద విడిగా ఒక చట్టముంది. మొదటిసారి పలకరించిన ఐదు రోజుల్లోపు ఎంత బాకీ, ఎవరికి అన్నది రాతపూర్వకంగా ఇవ్వాలి. ముప్పై రోజుల్లోపు బాకీదారు 'ఈ లెక్క నేనొప్పుకోను' అని రాస్తే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. మనకు అలాంటి చట్టం లేదు. సర్క్యులర్లున్నాయి. సర్క్యులర్ తప్పితే ఆర్‌బీఐకీ కంపెనీకీ మధ్య వ్యవహారం నడుస్తుంది, బాకీదారు దూరంగా నిలబడి చూస్తాడు. పెద్ద చట్టం వచ్చేలోగా ఒక చిన్న పని చేయొచ్చు. బాకీ కోసం పంపే ప్రతి మెసేజ్‌లోనూ వాయిదా ఇంత, పీనల్ ఇంత, బౌన్స్ ఇంత, ఇతరం ఇంత అని నాలుగు వరుసలు తెలుగులో ఉండాలని, ఆ అంకె దాటి నోటితో ఏదీ అడగకూడదని ఆర్‌బీఐ ఒక్క వాక్యం రాస్తే చాలు. లక్షల ఖాతాలకు రోజూ ప్రకటనల మెసేజ్‌లు పంపగలుగుతున్న కంపెనీలకు ఈ నాలుగు వరుసలు బరువేమీ కాదు.

ఎగ్గొట్టేవాళ్లు లేరా అంటే ఉన్నారు. మా వీధిలోనే మూడు కంపెనీలకు మూడు చిరునామాలిచ్చిన మహానుభావుడు ఒకడున్నాడు. అతను ఇంతవరకు ఎవరినీ లెక్క అడిగింది లేదు. అడిగే అవసరం అతనికేముంది?

ఇస్త్రీ ఆయన ఐదొందల బౌన్స్ చార్జీ మీద ఇచ్చిన ఫిర్యాదుకు నంబరు వచ్చింది. రాత్రి ఏడు దాటాక వచ్చిన ఫోన్ల సంగతి, సొంత నంబరుకు డబ్బు పంపమన్న సంగతి కూడా అందులో రాయించాడు. స్టేట్‌మెంట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బండి కింద బొగ్గుల సంచికి దూరంగా ఉన్న అరలో దాచాడు. ముప్పై రోజుల్లో ఇంకా పదకొండు ఉన్నాయి. "ఫోన్ వచ్చిందా?" అని నిన్న అడిగితే, "రాలేదు సార్. వస్తే ముందు కంప్లైంటు నంబరు రాసుకోమంటా" అన్నాడు.